కొన్న క్యాసెట్ ఎవరిది?

ఇంట్లో వెండితెర – 7వ భాగం

1977 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ అట్కిన్సన్ అనే చిన్న వ్యాపారి పత్రికలో అంగుళం మేర ప్రకటన వేయించాడు. వీడియో సినిమాలు అద్దెకిస్తానన్నది అందులోని కబురు. విల్షైర్ బులెవార్డ్ మీద ఆయనకో చిన్న షాపు ఉండేది. అంతకుముందు కూడా ఆయనది అద్దెల వ్యాపారమే. పార్టీలకు సూపర్ 8 ప్రొజెక్టర్లూ, పాత సినిమాల రీళ్లూ ఇచ్చేవాడు. హాలీవుడ్‌లో పలుకుబడి లేదు, ఏ స్టూడియోతోనూ ఒప్పందం లేదు. అప్పుడే బజారులోకొచ్చిన 50 సినిమాల క్యాసెట్లను, ఒక్కో సినిమాకు బీటామ్యాక్స్ ఒకటి, వీహెచ్ఎస్ ఒకటి చొప్పున, అందరిలాగే డబ్బు పెట్టి కొన్నాడు. సభ్యత్వం ఏడాదికి 50 డాలర్లు, జీవితకాలానికి 100. క్యాసెట్ అద్దె రోజుకు 10 డాలర్లు. ఆ రోజుల్లో సినిమా హాలు టికెట్టుతో పోలిస్తే అది చాలా ఎక్కువ. అయినా జనం వచ్చారు. కొన్నేళ్లు తిరిగేసరికి ఆయన ‘వీడియో స్టేషన్’ పేరుతో దేశమంతటా వందల షాపులు వెలిశాయి.

గత భాగంలో బీటామ్యాక్స్, వీహెచ్ఎస్ యంత్రాల పుట్టుక చెప్పుకున్నాం. ఈసారి యంత్రాన్ని పక్కనపెట్టి, అందులో పెట్టే క్యాసెట్ సంగతి చూద్దాం. ఇంట్లో సినిమా అనగానే తెర ఎంత పెద్దది, బొమ్మ ఎంత స్పష్టంగా ఉంది అని అడుగుతాం. ఆ సినిమా ప్రతి ఎవరి చేతిలో ఉంది అన్నది నా దృష్టిలో అంతకంటే పెద్ద ప్రశ్న. ఈ యాభై ఏళ్లలో కోర్టులకెక్కిన తగాదాల్లో చాలా వాటికి మూలం అదే.

అట్కిన్సన్ కొన్న ఆ 50 సినిమాలు బజారులోకి ఎలా వచ్చాయో ముందు చెప్పాలి. మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆండ్రే బ్లే అనే ఆయన ‘మాగ్నెటిక్ వీడియో’ పేరుతో టేపులు కాపీ చేసే కంపెనీ నడిపేవాడు. వీసీఆర్ కొన్నవాళ్లు టీవీలో వచ్చేవి రికార్డు చేసుకోవడంతో సరిపెట్టుకోరు, సినిమాలే కొనుక్కుంటారని ఆయన నమ్మకం. స్టూడియోలకు ఉత్తరాలు రాశాడు. చాలామంది పట్టించుకోలేదు. ఇబ్బందుల్లో ఉన్న ట్వెంటీయెత్ సెంచరీ ఫాక్స్ ఒక్కటే సరేనంది. 1977లో 3 లక్షల డాలర్లు అడ్వాన్సు, అమ్మిన ప్రతి క్యాసెట్‌కూ ఏడున్నర డాలర్ల రాయల్టీ లెక్కన బేరం కుదిరింది. అప్పటికే టీవీలో ప్రసారమైపోయిన పాత సినిమాలే ఇస్తామంది ఫాక్స్. ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’, ‘ప్యాటన్’ వాటిలో ఉన్నాయి. బ్లే ఒక క్లబ్బు పెట్టి, టీవీ గైడ్ పత్రికలో ప్రకటన ఇచ్చి, క్యాసెట్ 49 డాలర్ల 95 సెంట్లకు అమ్మాడు. వేల సంఖ్యలో సభ్యులు చేరారు. రెండేళ్లు తిరక్కుండానే ఫాక్స్ ఆ కంపెనీనే కొనేసింది.

బ్లే ఆలోచనలో సినిమా అంటే పుస్తకంలా కొని బీరువాలో పెట్టుకునే వస్తువు. స్టూడియోలు కూడా అలాగే అనుకున్నాయి. కానీ 50 డాలర్లు పెట్టి సినిమా కొని రెండోసారి చూసేవాళ్లు ఎంతమంది? ఆ కిటుకు పట్టుకున్నది అట్కిన్సన్. ఒకే క్యాసెట్‌ను ముప్ఫై ఇళ్లకు తిప్పితే అందరికీ గిట్టుబాటు. స్టూడియోకు మాత్రం వచ్చేది ఒక్క అమ్మకం మీద ఏడున్నర డాలర్లే.

అంతలోనే బెదిరింపు వచ్చింది, అద్దెకిస్తే దావా వేస్తామని. అట్కిన్సన్ న్యాయవాదుల్ని అడిగి తెలుసుకున్న జవాబు ఒక నవలకు సంబంధించిన పాత కేసులో ఉంది. 1904లో బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ ‘ది కాస్ట్‌అవే’ అన్న నవల వేస్తూ, దీన్ని డాలరు కన్నా తక్కువకు అమ్మితే కాపీరైట్ ఉల్లంఘనగా భావిస్తామని లోపలి పేజీలో అచ్చు వేసింది. న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణం ఆ పుస్తకాన్ని 89 సెంట్లకు అమ్మింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పుస్తకాన్ని ఒకసారి అమ్మాక ఆ ప్రతి మీద ప్రచురణకర్త అదుపు తీరిపోయినట్టేనని 1908లో కోర్టు తేల్చింది. కొత్త ప్రతులు అచ్చువేసే హక్కు అతనిదే. అమ్మేసిన ప్రతిని కొన్నవాడు మళ్లీ అమ్ముకోవచ్చు, ఎరువివ్వచ్చు. మరుసటి ఏడాదే ఇది చట్టంలోకి ఎక్కింది. 1976 నాటి కొత్త కాపీరైట్ చట్టంలో 109వ సెక్షనుగా నిలిచింది. దీన్ని మొదటి అమ్మకం సూత్రం అంటారు. పాత పుస్తకాల దుకాణాలకు అమెరికాలో ఆధారం ఇదే. అట్కిన్సన్ షాపుకూ ఇదే ఆధారమైంది. ఆయన క్యాసెట్లను కాపీ చేయలేదు, కొన్నవాటినే తిప్పాడు.

డాలరు నవల మీద 11 సెంట్ల తగ్గింపు కోసం జరిగిన వ్యాజ్యం, డెబ్భై ఏళ్ల తర్వాత వేల వీడియో షాపులను నిలబెట్టడం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన మలుపు. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తుల ఊహలో సినిమా క్యాసెట్ లేదు. వాళ్లు ఆలోచించింది కొన్న మనిషికీ కొన్న వస్తువుకూ ఉండే సంబంధం గురించి. అందుకే అది అన్నాళ్లు పనికొచ్చింది.

మన దగ్గర చట్టం వేరే దారి పట్టింది. మన 1957 కాపీరైట్ చట్టానికి 1984లో సవరణ తెచ్చి, వీడియో సినిమాలను అందులో చేర్చి, పైరసీకి శిక్షలు పెంచారు. 1994 సవరణలో మరో మాట చేరింది. సినిమా ప్రతిని అమ్మే హక్కూ, అద్దెకిచ్చే హక్కూ నిర్మాతవేనని, ఆ ప్రతి అంతకుముందే ఒకసారి అమ్ముడుపోయినా సరే ఆ హక్కు అలాగే ఉంటుందని. మొదటి అమ్మకం సూత్రానికి సినిమా విషయంలో ఇక్కడ తలుపు మూసేశారన్నమాట. 2009లో వార్నర్ బ్రదర్స్, ఒక డీవీడీ లైబ్రరీ మీద వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు దీన్ని సూటిగా వర్తింపజేసింది. ఆ లైబ్రరీ అమెరికాలో న్యాయంగా అమ్మిన అసలు డిస్కులనే తెప్పించి అద్దెకిచ్చేది. దొంగ కాపీలు కావవి. అయినా అద్దెకివ్వడానికి వీల్లేదంది కోర్టు. 2012 సవరణలో పదాలు మారాయి, వాణిజ్యపరంగా అద్దెకివ్వడం అన్నారు. దారి మాత్రం అదే.

అంటే మన పట్టణాల్లో సందుకొకటిగా వెలసిన వీడియో లైబ్రరీల్లో చాలా వాటి కాళ్ల కింద అమెరికన్ షాపులకున్న చట్టపు నేల లేదు. కానీ అవి నడిచాయి, ఎందుకంటే జనానికి కావాలి. 1982 ఏషియాడ్ వేళకు కలర్ టీవీ వచ్చింది. గల్ఫ్‌కు పోయినవాళ్లు తిరిగొస్తూ వీసీఆర్‌లు మోసుకొచ్చారు. కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల పల్లెల్లో ఆ పెట్టె ఉన్న ఇల్లు ఊరందరికీ తెలిసేది. లేని ఊళ్లలో టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి అద్దెకు తెచ్చేవాళ్లు. వినాయక చవితికో, పెళ్లికో, పుష్పవతి ఫంక్షనుకో వీధిలో చాపలు పరిచి తెల్లారేదాకా వేసేవాళ్లు. హైదరాబాదు నుంచి కోస్తాకు పోయే ప్రైవేటు బస్సులు వీడియో కోచ్‌లయ్యాయి. అమెరికాలోని తెలుగువాళ్లకైతే ఇండియన్ కిరాణా కొట్టే వీడియో లైబ్రరీ. వారానికి సరిపడా కందిపప్పు, కరివేపాకుతో పాటు వెనక అరలోని తెలుగు సినిమా క్యాసెట్లు పట్టుకుపోయి, వచ్చే వారం తిరిగిచ్చేవారు. ఆ క్యాసెట్ ఎన్ని కాపీల తర్వాతి కాపీయో బొమ్మ చూస్తేనే తెలిసిపోయేది. ఊరు విడిచిన మనుషుల్ని భాషతో కలిపి ఉంచిన సాధనాల్లో ఆ మసక బొమ్మను నేను చాలా పైన పెడతాను.

తిరిగి అమెరికాకు. అద్దె షాపుల మీద బెదిరింపులు నడుస్తుండగానే, అంతకన్నా పెద్ద దావా ఒకటి కోర్టుల్లో మెట్లెక్కుతోంది. సోనీ తన బీటామ్యాక్స్‌కు వేసిన ఒక ప్రకటనలో, ఒకే వేళకు వచ్చే ‘కోజాక్’, ‘కొలంబో’ సీరియళ్లలో ఏదీ వదులుకోనక్కర్లేదన్నారు. ఆ రెండూ యూనివర్సల్ స్టూడియో తీసినవే. యూనివర్సల్ మాతృసంస్థ ఎంసీఏ అప్పటికే సొంతంగా లేజర్ డిస్కు తయారుచేసుకుంటోంది. దానిలో జనం సినిమా చూడగలరు కానీ రికార్డు చేసుకోలేరు. 1976 నవంబరులో యూనివర్సల్, డిస్నీ కలిసి సోనీ మీద దావా వేశాయి. ఇంట్లో టీవీ కార్యక్రమాన్ని టేపు చేసుకోవడం కాపీరైట్ దొంగతనమనీ, దానికి వీలిచ్చే యంత్రం అమ్మినవాడు కూడా బాధ్యుడేననీ వాదించాయి.

1979లో కింది కోర్టు సోనీ వైపు తీర్పిచ్చింది. 1981లో అప్పీలు కోర్టు దాన్ని తిరగేసింది. ఆ తీర్పే నిలిచి ఉంటే వీసీఆర్ అమ్మకాలు ఆగిపోవడమో, ప్రతి యంత్రం మీదా స్టూడియోలకు కప్పం కట్టడమో జరిగేది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 1983 జనవరిలో ఒకసారి వాదనలు విన్నారు, తేల్చలేకపోయారు. అక్టోబరులో మళ్లీ విన్నారు. కొన్నేళ్లకు బయటపడిన న్యాయమూర్తుల ఆంతరంగిక కాగితాల్లో తేలిందేమిటంటే, మొదటి విడతలో మెజారిటీ స్టూడియోల వైపే మొగ్గిందని. ఒకరిద్దరి మనసు మారి తక్కెడ తిరిగింది. 1984 జనవరి 17న 5–4 తేడాతో తీర్పు వచ్చింది. జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ రాసిన మెజారిటీ తీర్పు ప్రకారం, ప్రసారమయ్యే వేళకు చూడలేక తర్వాత చూసుకోవడం కోసం ఇంట్లో టేపు చేసుకోవడం న్యాయమైన వాడకమే. న్యాయంగా వాడుకునే అవకాశం గణనీయంగా ఉన్న యంత్రాన్ని అమ్మడం ఉల్లంఘన కాదు. పిల్లల కార్యక్రమాలు చేసే ఫ్రెడ్ రోజర్స్, తన కార్యక్రమాన్ని కుటుంబాలు వీలైన వేళ కలిసి చూసుకోవడానికి టేపు చేసుకుంటే తనకేమీ అభ్యంతరం లేదని కింది కోర్టులో చెప్పిన సాక్ష్యాన్ని స్టీవెన్స్ తీర్పులో ప్రస్తావించాడు. జస్టిస్ బ్లాక్‌మన్ గట్టిగా విభేదించాడు.

ఒక్క ఓటు. ఇంట్లో మనిషికి తన వేళకు తాను చూసుకునే హక్కు అంత సన్నని అంచు మీద నిలబడి దక్కింది. ఈ తీర్పును యంత్రాల తయారీదారుల విజయంగా రాసిన పుస్తకాలున్నాయి. నేను దాన్ని చూసేవాళ్ల విజయంగానే చదువుతాను. అప్పటిదాకా టీవీ ముందు కూర్చున్నవాడికి చట్టంలో ఒక చోటంటూ లేదు. ఈ తీర్పుతో వచ్చింది.

అద్దెల మీద కూడా స్టూడియోలు చట్టసభ దారిన ప్రయత్నించాయి. వీడియో అద్దెకు తమ అనుమతి తప్పనిసరి చేస్తూ చట్టం తెమ్మని కాంగ్రెసును అడిగాయి. పాటల రికార్డుల కంపెనీలు కూడా అదే కోరిక కోరాయి. వాళ్లకు 1984లో చట్టం దొరికింది, అనుమతి లేకుండా రికార్డులు అద్దెకివ్వడం అమెరికాలో నిషిద్ధమైపోయింది. సినిమావాళ్లకు దొరకలేదు. అప్పటికే ఊరూరా వీడియో షాపులవాళ్లు సంఘం కట్టుకుని తమ తమ ప్రతినిధుల తలుపు తట్టడం మొదలుపెట్టారు. ప్రతి నియోజకవర్గంలోనూ షాపులున్నాయి, వాటికి వేలమంది ఖాతాదార్లున్నారు. ఇక ఓట్ల లెక్క ఎవరికైనా అర్థమవుతుంది.

ఓడిన స్టూడియోలు ధరతో లెక్క సరిచేశాయి. షాపులకు అమ్మే కొత్త సినిమా క్యాసెట్ ధర 80, 90 డాలర్లకు పెంచేశాయి. అద్దె మీద వాటా రాదు కాబట్టి అమ్మకంలోనే పిండుకోవడం. అందరూ కొంటారనుకున్న సినిమాను మాత్రం తక్కువకు వదిలేవాళ్లు. 1987లో ‘టాప్ గన్’ 26 డాలర్ల 95 సెంట్లకే వచ్చింది. ఈ రెండు ధరల పద్ధతిలో చిన్న షాపు నలిగిపోయింది, పెద్ద షాపు బతికింది. 1985లో డల్లాస్‌లో మొదలైన బ్లాక్‌బస్టర్ చేసింది అదే, వేల క్యాసెట్లు ఒక్కచోట పెట్టడం. 2004 నాటికి దానివి దాదాపు 9,000 షాపులు. 2010లో దివాలా. మధ్యలోని కథ చాలామంది రాశారు, నేను ఆగను.

డీవీడీతో బ్లే కల నిజమైంది. 1996 నవంబరులో జపాన్‌లో, 1997లో అమెరికాలో బజారుకొచ్చిన ఈ డిస్కు వెనక వార్నర్ హోమ్ వీడియో అధిపతి వారెన్ లీబర్‌ఫార్బ్ పట్టుదల ఉంది. సినిమా అద్దెకు తెచ్చుకునేది కాకుండా కొనుక్కునేది కావాలని ఆయన మొదటి నుంచీ వాదించాడు. అందుకే 20 డాలర్ల దరిదాపు ధర పెట్టించాడు. జనం కొన్నారు, అంతకుముందెన్నడూ లేనంతగా. క్యాసెట్‌లా అరిగిపోదు, రివైండ్ చేయక్కర్లేదు, దర్శకుడి వ్యాఖ్యానం, తొలగించిన దృశ్యాలు అదనం. సినిమా చదువుకునేవాళ్లకు అది ఒక కొత్త బడి. మన దగ్గర దీనికి సాటి రాగలిగింది 2007లో మోజర్ బేర్ చేసిన పని. వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు పెట్టి, దొంగ డిస్కు ధరకే అసలు డిస్కు ఇచ్చింది. ఫుట్‌పాత్ మీదా, కిరాణా కొట్లోనూ చట్టబద్ధమైన సినిమా దొరికిన ఆ కొద్ది కాలం తెలుగు ఇళ్లలో పాత సినిమాల పెట్టెలు నిండాయి.

అదే కాలంలో ఓడిపోయిన ఒక ప్రయోగాన్ని ఇక్కడ తప్పక చెప్పాలి. 1998లో అమెరికాలో సర్క్యూట్ సిటీ అనే ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ డివెక్స్ పేరుతో ఒక రకం డిస్కు తెచ్చింది. నాలుగున్నర డాలర్లు పెట్టి కొంటే, మొదటిసారి పెట్టిన క్షణం నుంచి 48 గంటలే ఆడుతుంది. ఆపైన చూడాలంటే మళ్లీ కట్టాలి. ప్లేయరును ఇంటి టెలిఫోన్ తీగకు కలపాలి, అది కంపెనీకి లెక్కలు పంపుతుంది. సినిమా అభిమానులు దీన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. చేతిలో డిస్కు ఉండీ అది తమది కాకపోవడమేమిటని అడిగారు. 1999 జూన్‌లో సంస్థ చేతులెత్తేసింది. ఆ డిస్కు పోయింది కానీ ఆ ఆలోచన పోలేదు. ఇవాళ ఫోనులో సినిమా అద్దెకు తీసుకుంటే వచ్చే 48 గంటల గడువు చూసినప్పుడల్లా నాకు డివెక్స్ గుర్తుకొస్తుంది.

మొదటి అమ్మకం సూత్రానికి చివరి పెద్ద వారసుడు నెట్‌ఫ్లిక్స్. 1997లో రీడ్ హేస్టింగ్స్, మార్క్ రాండాల్ఫ్ కాలిఫోర్నియాలోని స్కాట్స్ వ్యాలీలో మొదలుపెట్టిన ఈ సంస్థ, 1998 ఏప్రిల్ నుంచి డీవీడీలను టపాలో అద్దెకు పంపింది. బజారులో కొన్న డిస్కును ఎవరి అనుమతీ లేకుండా ఎన్నిసార్లయినా తిప్పవచ్చు. అట్కిన్సన్ హక్కే, షాపు బదులు ఎర్ర కవరు. అందుకే ఏ స్టూడియో సినిమా అయినా, ఎంత పాతదైనా, ఏ దేశానిదైనా ఒకే చోట దొరికేది. ఇవాళ్టి స్ట్రీమింగ్ సంస్థల్లో దేనిలోనూ అంతటి విస్తృతి లేదు. కారణం సాంకేతికం కాదు, చట్టం. ప్రసారానికి ప్రతి సినిమాకూ విడివిడిగా లైసెన్సు కావాలి, దానికి గడువు ఉంటుంది.

ఇక హైడెఫినిషన్ మాట. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1964 టోక్యో ఒలింపిక్స్ అయిన వెంటనే దీని మీద పరిశోధన మొదలుపెట్టి, 1125 గీతల బొమ్మ సాధించింది. అది అనలాగ్ పద్ధతి. 1990లో జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ అనే అమెరికన్ కంపెనీ, పూర్తిగా డిజిటల్ పద్ధతిలో మామూలు చానెల్ పట్టే జాగాలోనే హైడెఫినిషన్ బొమ్మ పంపవచ్చని చూపించడంతో ఆట మారిపోయింది. 1998 నవంబరులో అమెరికాలో డిజిటల్ ప్రసారాలు మొదలయ్యాయి. మన దూరదర్శన్ 2010 కామన్వెల్త్ క్రీడలకు హెచ్‌డీలోకి అడుగుపెట్టింది. అమెరికన్ డీవీడీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 480 చుక్కలు, మొత్తం 3,45,600. పూర్తి హెచ్‌డీలో 1920, 1080. అంటే 20,73,600, సరిగ్గా ఆరు రెట్లు.

ఇంత బొమ్మ డీవీడీలో పట్టదు. డీవీడీ ఎర్ర లేజరుతో చదువుతుంది, దాని తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు. నీలం వైపుకు పోయి 405 నానోమీటర్లు చేస్తే డిస్కు మీద గుంటలు ఇంకా చిన్నవి చెక్కవచ్చు. జపాన్‌లోని నిచియా కంపెనీలో షుజి నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ చేశాక నీలి లేజరు కూడా అందుబాటులోకి వచ్చింది. ఆ దీపానికే 2014లో అకసాకి, అమానోలతో పాటు ఆయనకు నోబెల్ దక్కింది. ఆ వెలుగుతో రెండు డిస్కులు పుట్టాయి. సోనీ పక్షం బ్లూరే, ఒక్కో పొరలో 25 గిగాబైట్లు. తోషిబా పక్షం హెచ్‌డీ డీవీడీ, పొరకు 15. ఒకదాని ప్లేయరులో ఇంకోటి ఆడదు.

2006 ఏప్రిల్‌లో అమెరికాలో తోషిబా ప్లేయరు 499 డాలర్లకు వచ్చింది. జూన్‌లో శామ్‌సంగ్ బ్లూరే ప్లేయరు 999కి. ధరలో తోషిబాది పైచేయి. కానీ సోనీ పాత దెబ్బ మరిచిపోలేదు. బీటామ్యాక్స్ ఓడిపోయింది యంత్రం చెడ్డదై కాదు, దానికి సినిమాలు తగినన్ని లేకనేనన్న పాఠంతో 1989లో కొలంబియా పిక్చర్స్‌నే కొనేసింది. అదీగాక 2006 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 3లో బ్లూరే ఇమిడ్చి పెట్టింది. ఆట కోసం కొన్న ప్రతి ఇంట్లోకీ ఆ డిస్కు చదివే యంత్రం వెళ్లిపోయింది. స్టూడియోలు చీలిపోయాయి. డిస్నీ, ఫాక్స్ బ్లూరే వైపు, యూనివర్సల్ హెచ్‌డీ డీవీడీ వైపు. పారామౌంట్ రెండూ ఇస్తూ 2007 ఆగస్టులో బ్లూరేను వదిలేసింది. అదే ఏడాది జూన్‌లో బ్లాక్‌బస్టర్ తన షాపుల్లో 1,450 చోట్ల బ్లూరే మాత్రమే అద్దెకు పెడతానంది. 2008 జనవరి 4న వార్నర్ బ్లూరే పక్షాన చేరింది. ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్, ఆ వెంటనే వాల్‌మార్ట్. ఫిబ్రవరి 19న తోషిబా హెచ్‌డీ డీవీడీని నిలిపేస్తున్నట్టు ప్రకటించింది.

గెలుపెవరిదో తేలిపోయిందనుకున్నారు. అయితే 2007 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ తన వంద కోటో డిస్కు పంపింది. దానికి నెల ముందే ఇంటర్నెట్ ద్వారా సినిమా ప్రసారం మొదలుపెట్టింది. డిస్కుల యుద్ధం ముగియకముందే డిస్కు లేని దారి తెరుచుకుంది. ఆ దారిలో వచ్చే బొమ్మ మొదట్లో డీవీడీ కన్నా నాసిగా ఉండేది. ఇవాళ కూడా హెచ్‌డీ ప్రసారానికి సెకనుకు 5 మెగాబిట్లు చాలంటారు. బ్లూరేలో బొమ్మకు 40 మెగాబిట్ల దాకా వెళ్లవచ్చు. బొమ్మను కుదించే కొత్త కోడెక్‌లు తక్కువలో ఎక్కువ పట్టిస్తాయి, నిజమే. అయినా రాత్రి దృశ్యాల్లో, పొగలో, వానలో తేడా కంటికి ఆనుతుంది. పెద్ద తెర కొన్నవాళ్లు ఒకే సినిమాను రెండు రకాలుగా పెట్టి చూసుకోవాలని నా సలహా.

సౌకర్యం ముందు ఆ తేడా నిలవలేదు. 2023 సెప్టెంబరు 29న నెట్‌ఫ్లిక్స్ చివరి డిస్కులు టపాలో వేసింది. 2024లో బెస్ట్ బై దుకాణాలు సినిమా డిస్కులు అమ్మడం మానేశాయి. ఇప్పుడు మిగిలింది లైసెన్సు. డబ్బు కట్టి ‘కొన్న’ సినిమా కూడా చట్టం దృష్టిలో చూసుకునే అనుమతి మాత్రమే. 2022లో జర్మనీ, ఆస్ట్రియాల్లో ప్లేస్టేషన్ స్టోరులో స్టూడియో కెనాల్ సినిమాలు కొనుక్కున్నవాళ్లకు, ఆగస్టు 31 తర్వాత అవి మీ లైబ్రరీలో ఉండవని కబురొచ్చింది. డిస్కు కొని ఉంటే ఏ కంపెనీ వచ్చి బీరువాలోంచి తీసుకుపోగలదు?

నాకు ఇది సౌకర్యం, ధర గురించిన గొడవలా అనిపించదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది, ఇవాళ దాని ప్రతి లేదు. ప్రతులు ఒకరిద్దరి గోదాముల్లో మాత్రమే ఉన్న కాలం అది. క్యాసెట్ల, వీసీడీల కాలంలో ఇంటింటికీ చేరిన పాత తెలుగు సినిమాలు మాత్రం, నెగటివు ఏమైపోయినా, మూలన ఎవడో వీసీడీ కంపెనీ ముద్రతోనైనా ఇప్పటికీ ఇంటర్నెట్‌లో కనిపిస్తున్నాయి. బ్రిటన్‌లో బీబీసీ తుడిచేసిన ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్లకు శబ్దం మిగిలింది, పిల్లలు ఇంట్లో టీవీ ముందు టేపు రికార్డరు పెట్టి రికార్డు చేసుకున్నందువల్లే. ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే మాజీ లైబ్రేరియన్ 1979లో ఇరాన్ బందీల సంక్షోభం మొదలైనప్పటి నుంచి 2012లో కన్నుమూసే దాకా టీవీ వార్తల్ని రాత్రింబవళ్లు రికార్డు చేసింది. దాదాపు 70,000 టేపులు. చానెళ్లే దాచుకోని ప్రసారాలు అందులో ఉన్నాయి. అవి ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ దగ్గర ఉన్నాయి. 1984లో ఆ అయిదుగురు న్యాయమూర్తులు అవునని ఉండకపోతే ఆమె చేసిన పని చట్ట విరుద్ధమయ్యేది.

అందుకే ఇష్టమైన సినిమాలు ఒక పదైనా డిస్కు మీద కొని ఉంచుకోండని నాకు చెప్పాలనిపిస్తుంది. ముఖ్యంగా మళ్లీ ఎవరూ లైసెన్సు తీసుకోని పాత తెలుగు సినిమాలు. పాత వీసీడీల పెట్టె చెత్తలో వేసేముందు అందులో ఏమున్నాయో ఒకసారి చూడండి.

అమెరికాలో చట్టం మాత్రం ఒక అడుగు వేసింది. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి, డిజిటల్ సినిమాను కొనుక్కోండి అంటూ అమ్మేవాళ్లు, అది అనుమతి మాత్రమేనని ముందే స్పష్టంగా చెప్పాలి. శాశ్వతంగా దింపుకుని ఇంటర్నెట్ లేకుండా చూసుకోగలిగే ప్రతిని అమ్మితే మాత్రం ఈ నిబంధన వర్తించదు.

వచ్చే భాగంలో 1982కు వెళ్దాం. ఏషియాడ్ కోసం దూరదర్శన్ రంగుల్లోకి మారిన తీరు, విదేశాల నుంచి దిగిన కలర్ టీవీల కథ.